ముళ్ళ మాట నమ్మి మాచర్ల దాకా

నరసరావుపేట నుంచి మాచర్లకు పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వవచ్చు. బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికించుకుని, రెండు కునుకులు తీస్తే మాచర్ల వచ్చేస్తుంది. కాశీ పోయినవాళ్ళు తిరిగొచ్చి ఊరందరికీ గంగాజలం పంచుతారు. నా దగ్గర పంచడానికి రేడియేటర్ నీళ్ళు కూడా మిగల్లేదు కనుక ఈ కథనం పంచుతున్నాను. నేను పోయింది బస్సులో కాదు, మా కారులో. మా కారులో బయల్దేరితే వీధి చివర కూరగాయల కొట్టు కూడా పుణ్యక్షేత్రమే. చేరినవాళ్ళు ముందు దణ్ణం పెట్టుకుని, తర్వాతే వంకాయలు ఎంత అని అడుగుతారు.

నరసరావుపేట: బండి జాతకం

కారు వయసు పద్దెనిమిదేళ్ళు. నా చేతికి వచ్చి ఏడేళ్ళు. స్టీరింగు వెనక అద్దం బిగించిన నల్లటి పలక ఉంది కదా, అందులో మూడు ముళ్ళు, కొన్ని అంకెలు, ఒక గడియారం, ఒక దీపం ఉన్నాయి. ఇన్ని నోళ్ళున్నా అందులో ఒక్కటీ నిజం చెప్పిన పాపాన పోలేదు.

వేగం ముల్లు సంగతి చూడండి. బండిని ఇంటి ముందు నిలబెట్టి తాళం తిప్పగానే ఇరవై చూపిస్తుంది. కదలకుండా గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో నిలబడగల బండి పల్నాడు జిల్లా మొత్తం మీద ఇదొక్కటే. నిజంగా రోడ్డెక్కి కాస్త వేగం అందుకుంటే ముల్లుకు పూనకం వస్తుంది. నలభైకీ నూటికీ మధ్య ఊగుతుంటుంది. మన మనసుకు నచ్చిన అంకె మనం తీసుకోవచ్చు. నేను ఎప్పుడూ ఎనభై తీసుకుంటాను. ఆ సమయంలో సైకిళ్ళు మమ్మల్ని దాటిపోతుంటాయి.

పెట్రోలు ముల్లుది మరీ స్థితప్రజ్ఞత. ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. నిండా పోయిస్తే పొంగిపోదు, ఎండిపోతే కుంగిపోదు. అందుకని పెట్రోలు ఎంతుందో తెలియాలంటే వెనక చక్రం దగ్గర నిలబడి, కారును రెండు చేతులా ఊపి, లోపల చప్పుడు వినాలి. నేను అలా ఊపుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి, కారుకు దిష్టి తీస్తున్నాననుకుని కాసేపు చూసి వెళుతుంటారు.

తిరిగిన దూరం చూపే అంకెలు పాత యజమాని కాలంలోనే ఆగిపోయాయి. గడియారంలో ఎప్పుడూ నాలుగుంపావు. ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం మాత్రం కొన్న రోజు నుంచి అఖండంగా వెలుగుతూనే ఉంది. మా మెకానిక్ మస్తాన్ భాయ్‌ని దాని గురించి అడిగితే, "వెలగనియ్యండి సార్. ఆరిందనుకోండి, అప్పుడు రండి, చూద్దాం" అన్నాడు. నా భార్య వసుంధర కూడా ఆ మాటే సబబు అంది. వెలిగే దీపాన్ని చేతులారా ఆర్పడం ఏమిటని ఆవిడ వాదన.

మిగిలింది వేడి ముల్లు. ఇంజను ఎంత కాగిందో చెప్పేది. ఎడమ చివర చల్లదనం, కుడి చివర ఎర్ర గీత. "మీ బండి మొత్తంలో ఇదొక్కటే మంచి ముల్లు సార్" అని మస్తాన్ భాయ్ తలమీద చెయ్యి పెట్టి చెప్పాడు, తన తల మీద కాదు, బానెట్ మీద. కానీ దాన్ని చూసే భాగ్యం మాకు లేదు. బండి కొన్న రోజు పూజ చేసిన పూజారిగారు గుండ్రంగా కనబడినదల్లా దేవుడి నుదురే అనుకున్నారు. నాలుగు చక్రాలకూ, రెండు దీపాలకూ, లోపల ముళ్ళ పలక అద్దానికీ గంధం అద్ది కుంకుమ పెట్టారు. వేడి ముల్లు మీద పెట్టిన బొట్టు సరిగ్గా ఎర్ర గీత మీద పడింది. తుడవబోతే వసుంధర నా చెయ్యి పట్టుకుంది. పూజలో పెట్టిన బొట్టును తుడుస్తారా ఎవరైనా? ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ పాత బొట్టు మీదే కొత్త బొట్టు. ఏడేళ్ళకు అక్కడ ఒక చిన్న గుట్ట తయారైంది. ముల్లు మధ్యలో ఉంటే కనబడుతుంది. మధ్య దాటితే గుట్ట వెనక్కి పోయి విశ్రాంతి తీసుకుంటుంది.

ఇలాంటి బండి వేసుకుని మాచర్ల దాకా ఎందుకంటే, లింగమ్మత్త కోసం. ఆవిడ వసుంధరకు పిన్ని. మాచర్లలో నాపరాళ్ళ యార్డు నడుపుతుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు, రెండేళ్ళుగా ఆవిడ దాటేస్తూ వచ్చింది. పోయిన నెల యార్డులో ఆనించి పెట్టిన పలక అంచు కనబడక కాలికి కొట్టుకుని, పలక జారి ఆవిడ పాదానికి బెత్తెడు దూరంలో పడింది. అది విని వసుంధర ఫోన్‌లో ఏడిస్తే, చివరికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టి.

"అల్లుడు సొంత బండేసుకొచ్చి తీసకపోవాల. ఆ బండి దారిలో ఆగిందా, అది శకునం. మళ్ళా నన్ను కంటి ఆపరేషనని అడగమాకండి. అంతే."

మా కారును ఆవిడ ఎరుగును. ఒప్పుకోకుండా ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి షరతు దొరకదు.

పిడుగురాళ్ళ: మాయమైన ముల్లు

మొదటి రోజు పొద్దున్నే బయల్దేరాం. వేసవి. పిడుగురాళ్ళ దగ్గర పడుతుంటే లోకమంతా తెల్లబడింది. సున్నం బట్టీల ఊరు కదా, చెట్లు కూడా పౌడరు రాసుకుని పెళ్ళిచూపులకు కూర్చున్నట్టుంటాయి. మా ఊళ్ళో తెల్ల చొక్కా మాసిపోతుందని భయపడతాం. అక్కడ నల్ల చొక్కా మాసిపోతుందని భయపడాలి.

ఊళ్ళోకి రాబోతుండగా వేడి ముల్లు బొట్టు వెనక్కి జారుకుంది. "ముల్లే లేదు, వసుంధరా! ఇంజనుకు వేడే లేదన్నమాట!" అన్నాను.

"నేను చెప్పలా? ఆ బొట్టు మహిమే" అంది వసుంధర.

ఆ సంతోషంలో మజ్జిగ తాగుదామని ఆపాం. గ్లాసు ఇరవై రూపాయలు. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసిన ఆ మజ్జిగ గొంతులో దిగుతుంటే అది చల్లబరిచేదో మండించేదో తేల్చుకోవడానికి ఇంకో గ్లాసు కావాల్సి వచ్చింది. కొట్టు పెద్దాయన మా బానెట్ వంక అదోలా చూశాడు.

"ఏంది సార్, బండి లోపల అన్నం ఉడుకుతున్నట్టుందే?"

"ముల్లు చల్లగానే ఉందండీ."

"ముల్లు చల్లగుంటే ఏం లాభం సార్, ఇంజను చల్లగుండాల గానీ" అని ఇంకో మజ్జిగ కలిపాడు.

ఆ మూడో గ్లాసు అయ్యేలోపు ముల్లు గుట్ట వెనకనుంచి మర్యాదగా బయటికొచ్చి మధ్యలో నిలబడింది. ఆ పెద్దాయన అరువిచ్చిన నీడ వల్ల మా ఇంజను బతికిందని నాకు తెలియడానికి ఇంకా రెండు రోజులు పట్టింది.

కారంపూడి: ముళ్ళు లేని లారీ

కారంపూడి చుట్టు తిరుగుడు దారే. అక్కడి ఎండుమిర్చి లేకుండా పిన్ని ఇంట్లో అడుగుపెట్టనని వసుంధర పట్టుబట్టింది. మాచర్ల ఆవిడకు మిర్చి కరువా అని అడిగే ధైర్యం నాకు పెళ్ళికి ముందు, అంటే ఇరవై మూడేళ్ళ క్రితం ఉండేది.

బస్టాండు దగ్గర ఒక తల్లి సజ్జ రొట్టెలు కాలుస్తోంది. రెండు రొట్టెలు, ఉల్లికారం, కోడిగుడ్డు కూర కలిపి ఎనభై. ఉల్లికారం తిన్నాక నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. నాకు కూడా ఒక వేడి ముల్లు బిగించి ఉంటే ఆ క్షణంలో విరిగి కిందపడేది. పక్కనే కూర్చున్న లారీ డ్రైవరు నా పరిస్థితి చూసి బెల్లం ముక్క ఇచ్చాడు. యాభై ఏళ్ళవాడు, బొల్లాపల్లి వైపు మనిషి, రాళ్ళ లోడు కొట్టేవాడట. నా కారులో తొంగి చూసి పడీ పడీ నవ్వాడు.

"ఇదేంది సార్, ముళ్ళకి శ్రీమంతం చేశారా?"

నేను నొచ్చుకుని, "మీ లారీలో ముళ్ళన్నీ పనిచేస్తాయా?" అన్నాను.

"చచ్చి చానాకాలమైంది సార్. పలక పీకి అవతల పారేశా. ఆ బొక్కలో మా ఆవిడ ఫోటో పెట్టుకున్నా."

"మరి వేడి ఎలా తెలుస్తుంది?"

"పాదానికి తెలుస్తది. ఇంజను పక్కనే గదా కాలు. మామూలుగా ఉంటే ఒట్టి కాలితో తోల్తా. కాలితే చెప్పు తొడుక్కుంటా. ఇంకా కాలితే బండి ఆపుతా."

"వేగం?"

"మా ఆవిడ మొహం చూస్తే తెలుస్తది" అని ఫోటో వైపు చూపించాడు. లేచిపోతూ మాత్రం నవ్వు ఆపి చెప్పాడు. "సార్, చచ్చిపోయిన ముల్లుతో పేచీ లేదు. అది చచ్చిందని మనకు తెలుసు. మీది బతికుండి దాక్కుంది. అదే డేంజరు."

ఆ మాట నాకు వినబడింది. చెవిలో ఉల్లికారం ఉండటం వల్ల లోపలికి వెళ్ళలేదు.

రెంటచింతల: ఎండ మీద గర్వం

గురజాల దాటి రెంటచింతల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ప్రతి వేసవిలో ఎండల వార్తలో ఊరి పేరు పడటం వల్ల, ఆ ఊరివాళ్ళకు ఎండంటే సొంత బిడ్డ మీద ఉన్నంత అభిమానం. కొబ్బరిబోండాలు కొడుతున్న ఆయనతో, "అబ్బ, ఏం ఎండండీ" అన్నాను.

"ఇది ఎండా?" అన్నాడాయన కత్తి పక్కనపెట్టి. "ఇయ్యాల మబ్బేసింది సార్. మీరు నిన్న రావాల్సింది."

"మా నరసరావుపేటలో కూడా బాగానే కాస్తుందండీ."

"కాస్తది. పేపర్లో పడుద్దా?"

బోండాం నలభై రూపాయలు ఇచ్చి ఓటమి ఒప్పుకున్నాను. ఆ బోండాం సేపు బండి చల్లబడింది, ముల్లు మళ్ళీ బయటికొచ్చింది. యాత్ర మొత్తం మీద మా తిండిపోతుతనమే మా ఇంజనుకు వైద్యం చేస్తూ వచ్చిందని ఇప్పుడు వెనక్కి చూస్తే అర్థమవుతోంది.

మాచర్ల: రాయి మాట

లింగమ్మత్త యార్డులో నాపరాళ్ళు పుస్తకాల్లా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ మధ్యలో నులక మంచం మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, చేతిలో చిన్న ఇనప సుత్తి. మమ్మల్ని అడుగుల చప్పుడును బట్టే గుర్తుపట్టింది.

"ఏమే వసుంధరా, అడుగు తేలికైంది, చిక్కిపోయావే! ఏమయ్యా అల్లుడూ, బండి నెట్టుకొచ్చావా, నడుపుకొచ్చావా?"

"నడుపుకొచ్చానత్తా. ఎనభైలో."

"ఏ ఊళ్ళో ఎనభై?"

మా ఊళ్ళో చుట్టం వస్తే ముందు మంచినీళ్ళిస్తారు. మాచర్లలో ముందు మాటలు పడతాయి, తర్వాత నీళ్ళు. రెండూ కుండలోవే కనుక చల్లగానే ఉంటాయి.

మరునాడంతా యార్డులోనే గడిచింది. అప్పుడు చూశాను ఆవిడ పనితనం. కూలీలు ఒక్కో పలకను తెచ్చి ఎదురుగా నిలబెడతారు. ఆవిడ సుత్తితో మూడుచోట్ల తడుతుంది. ఖంగుమంటే బాగున్న రాయి. డబ్ మంటే లోపల పగులు. బయటికి నున్నగా నవ్వుతున్న పలకను, "తీసి అవతల పడెయ్, కడుపులో ఇరిగింది" అంటుంది. మేస్త్రీ పగలగొట్టి చూపిస్తే, నిజంగానే లోపల వెంట్రుకంత గీత.

"చెవి ఇంత బాగుందిగా, ఇక కళ్ళెందుకని ఆపరేషన్ మానేశారా అత్తా?" అన్నాను.

ఆవిడ సుత్తిని ఒళ్ళో పెట్టుకుంది.

"రాయి మోగితే ఇనపడుద్ది అల్లుడూ. నేల మీద పడున్న రాయి మోగదు గదా. పొద్దున లేచి ఈడ అడుగేయాలంటే భయం. ఆపరేషనంటే ఇంకా భయం. కళ్ళు గట్టుకుని మంచంలో ఉంటే ఈ యార్డులో మంచి రాయీ చెడ్డ రాయీ అన్నీ ఒకటే రేటుకి పోతాయి. ఆ మంచంలోంచి లేచినాక కూడా కనపడకపోతే?"

వసుంధర ముక్కు చీదింది. నేను బండి బాగా నడుస్తుందని హామీ ఇచ్చాను. ఆ హామీ ఇస్తున్నప్పుడు బయట నిలబడి ఉన్న మా కారు వేగం ఇరవై.

మాచర్ల నుంచి గురజాల వైపు: ఆగిందా, ఆపారా

మూడో రోజు తెల్లవారగానే బయల్దేరాల్సింది. అత్త రెండు నాపరాళ్ళు డిక్కీలో పెట్టించేసరికి ఎండెక్కింది. ఇతర ఊళ్ళలో ఆడపిల్ల ఇంటికి పోతే అరిసెలు పట్టుకుపోతారు. మాచర్లలో పలకలు.

"అత్తా, కంటి ఆపరేషన్‌కి పోతూ రాళ్ళెందుకు?"

"ఒట్టి చేతుల్తో వస్తానా? మా వసుంధర బట్టలుతుక్కునే కాడ పాత రాయి పగిలిందంటగా. మొన్నామధ్య ఫోన్లో మోత ఇన్నా."

రాళ్ళు పడగానే బండి వెనక భాగం కూర్చుని ముందు భాగం ఆకాశం వైపు చూసింది. రాకెట్టులా బయల్దేరాం. వసుంధర నా పక్కన, అత్త వెనక సీట్లో కళ్ళు మూసుకుని. రెంటచింతలలో బోండాలాయన చెయ్యి ఊపాడు. ఈసారి ఆగితే శకునమంటుందని భయపడి ఆగలేదు. అదే నేను చేసిన తప్పు.

ఊరు దాటిన కాసేపటికి ముల్లు బొట్టు వెనక్కి పోయింది.

"అల్లుడూ, బండి మోత మారింది" అంది అత్త వెనకనుంచి.

"అదేం లేదత్తా."

"మారింది. ఇందాక ఖంగుమంది. ఇప్పుడు డబ్ డబ్ మంటంది. లోపలేదో అయితంది."

నా గుండె అంతకంటే గట్టిగా డబ్ మంది. ఆపానంటే ఆవిడ కళ్ళు పోయినట్టే. ఆపకపోతే ఏం పోతుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని నమ్ముకోవడమే నాకు నయమనిపించింది.

"ముల్లే కనబడట్లేదత్తా! వేడి ఉంటే కనబడదూ? అసలు వేడే లేదు."

"కనపడకపోతే లేనట్టేనా?" అంది అత్త. "రెండేళ్ళుగా నాకు నీ మొహం కనపడట్లా. నువ్వు లేకుండా పోయావా?"

దానికి జవాబు ఇంజనే డబ్ డబ్ మని చెప్పింది.

"ఆపు" అంది అత్త.

"అత్తా, ఆగితే మీరు..."

"ఆపమంటన్నానా!"

రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఆపాను. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. అత్త రెండు సీట్ల మధ్యలోంచి ముందుకు వంగింది.

"యాడుందిరా ఆ ముల్లు? నా చెయ్యి పట్టి చూపియ్యి."

ఆవిడ నన్ను రా అన్నది ఇరవై మూడేళ్ళలో అదే మొదటిసారి. వేలు పట్టుకుని కుంకుమ గుట్ట మీద పెట్టాను. తడిమింది.

"ఇదేంది, గోడకి పిడక కొట్టినట్టుంది? ఎన్నాళ్ళది?"

"ఏడు ఆయుధపూజలది పిన్నీ" అంది వసుంధర, నేరం ఒప్పుకుంటున్న గొంతుతో.

అత్త చేతికందిన సీసాలో నీళ్ళతో పైట చెరగు తడిపి, అద్దాన్ని గట్టిగా రుద్దింది. ఏడేళ్ళ భక్తి ఎర్రటి నీరై పలక మీదుగా నా పంట్లాం మీదికి కారింది. అద్దం తేటపడింది. ముల్లు ఎర్ర గీత దాటి, చివరి గోడకు తల ఆనించి వణుకుతోంది.

"ఎట్టుంది?" అంది అత్త.

"గీత దాటిపోయిందత్తా. అంచుకు పోయింది."

"మరి కట్టెయ్యి దాన్ని!"

ఇంజను ఆపి బానెట్ ఎత్తాను. ఆవిరి వేపచెట్టు చిటారు కొమ్మ దాకా పోయింది. పైన కాకులు ఉన్నపళంగా వలసపోయాయి. పొలంలో మనిషి పరిగెత్తుకొచ్చి పెళ్ళి వంట అనుకున్నానన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా మాచర్ల పోయే బస్సు కనబడింది. అత్తకు దాని చప్పుడు మా కంటే ముందే వినబడింది. రోడ్డు అంచుకు వచ్చి చెయ్యెత్తింది. ఆవిడ షరతు షరతే. బండి దారిలో ఆగింది, ఎదురుగా బస్సు కూడా వచ్చింది. ఇక ఆ కళ్ళు అంతే.

బస్సు ఆగింది. కండక్టర్ తలుపులోంచి వంగి, "మాచర్లే, ఎక్కమ్మా, ఎక్కు" అన్నాడు. అత్త మెట్టు మీద చెయ్యి వేసి నిలబడింది. ఒక్క క్షణం. తర్వాత వెనక్కి తిరిగింది.

"అల్లుడూ, డిక్కీ తెరువు. ఆ రాళ్ళు దించి దీన్లో ఎక్కియ్యి."

"అత్తా?"

"రాళ్ళు ఎనక్కి పోతయి. నేను ముందుకి పోతా."

కండక్టర్ నోరు తెరిచాడు. "రాళ్ళకి టికెట్టు ఎట్టా కొట్టాలమ్మా?"

"పెద్దదానికి ఫుల్లు, చిన్నదానికి హాఫు కొట్టు. బస్టాండు కాడ మా మేస్త్రీ దించుకుంటాడు."

డ్రైవరు, కండక్టర్, ముందు సీటులో ఇద్దరు ప్రయాణికులు కలిసి పలకలు ఎక్కించారు. డ్రైవరు మాకు రెండు డబ్బాల నీళ్ళిచ్చాడు. నేను రేడియేటర్ వైపు పోతుంటే, "మూత ఇప్పుడే తియ్యమాకండి సార్, మొహం కాలుద్ది! అరగంట చెట్టు కింద కూసోండి" అని కేకేసి బస్సు కదిలించాడు.

చెట్టు కింద కూర్చున్నాక నేనే ఉండబట్టలేక అడిగాను. "అత్తా, బండి ఆగితే శకునమన్నారు కదా?"

"బండి ఆగలా అల్లుడూ. నేను ఆపించా. నన్నడిగితే నువ్వు దాన్ని పగిలేదాకా నడిపేవోడివి." కొంచెంసేపు చెంగు కొసన ఎర్ర మరకను తడుముకుంది. "దాని కంటి పొర నేను తుడిచా. ఇక నాది ఆ డాక్టరు తుడుస్తాడులే. పద, చల్లబడిందేమో చూడు."

నీళ్ళు పోసి, రాళ్ళ బరువు లేకుండా, ముల్లును దేవుడిలా చూసుకుంటూ, గురజాలలో ఒకసారి, పిడుగురాళ్ళలో ఒకసారి ఆగి మజ్జిగ తాగి, చీకటి పడక ముందే నరసరావుపేట చేరాం. మజ్జిగ పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి చూసి, తృప్తిగా తల ఊపాడు. ఈసారి ఒక్కో గ్లాసుతో వదిలేశాడు.

నరసరావుపేట మళ్ళీ: చూసేవాళ్ళు, నడిపేవాళ్ళు

మరునాడు అత్త మొదటి కంటి ఆపరేషన్ కోసం గదిలో ఉన్నంతసేపూ మా కారు మస్తాన్ భాయ్ షెడ్డులో ఉంది. తుడిచిన అద్దాన్ని చూసి అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏడేళ్ళుగా తుడుద్దామని నాకూ ఉంది సార్. అమ్మగారు ఏమంటారోనని నోరెత్తలా." ఉత్సాహం పట్టలేక ముళ్ళన్నీ విప్పి బాగుచేశాడు. పసుపు దీపం కూడా ఆరిపోయింది. ఇంటికొస్తూ నాకు దిగులేసింది. నిలబెట్టినప్పుడు వేగం సున్నా చూపిస్తుంటే, ఇన్నాళ్ళూ నేను ఎక్కడికీ పోలేదని ఎవరో మొహం మీద చెప్పినట్టుంది.

తర్వాతి రోజు కట్టు విప్పారు. అత్త ఆసుపత్రి గోడ మీద బోర్డులన్నీ వరసగా చదువుతూ వచ్చింది. చెప్పులు బయట విడవమన్న బోర్డు కూడా చదివి, నేను విడవలేదని అరిచింది. మధ్యాహ్నం మందులు తీసుకుని, మాచర్లకు బయల్దేరదీశాం. యార్డులో మంచి రాళ్ళూ చెడ్డ రాళ్ళూ ఒకే రేటుకు పోతున్నాయని ఆవిడ కంగారు.

ఈసారి ముందు సీట్లో తనే కూర్చుంది. నల్ల కళ్ళద్దాలు కిందికి జరిపి ముళ్ళ పలకను ఒక్కొక్కటిగా చూసింది.

"అల్లుడూ, ఆ ముల్లు అట్టా సివరికి పడుకుందేంది?"

"అది పెట్రోలు ముల్లత్తా. ఏడేళ్ళు సగం అంటూ అబద్ధం చెప్పింది. ఇప్పుడు సున్నా అంటూ కొత్త అబద్ధం మొదలెట్టింది. పొద్దున నేను ఊపి చూశాగా, లోపల మోగింది."

"ఎట్టా మోగింది?"

"డబ్ మని."

అత్త నా వంక తిరిగి, మళ్ళీ ముల్లు వంక చూసింది.

నకరికల్లు అడ్డరోడ్డు ఇంకా కొంచెం దూరం ఉందనగా కారు రెండుసార్లు దగ్గి, సర్దుకుని, మర్యాదగా రోడ్డు పక్కన నిలబడిపోయింది. ఈసారి ఎవరూ ఆపలేదు. అదే ఆగింది. వేగం ముల్లు కూడా నిజం చెబుతూ సున్నా దగ్గర పడుకుంది.

రెండో కంటికి వచ్చే నెల ఆపరేషన్. వెనకనుంచి వసుంధర మెల్లగా, "పిన్నీ, ఇది శకునం..." అని మొదలెట్టింది.

"శకునం కాదే, పెట్రోలు" అంది అత్త. పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకోబోయి, డాక్టరు వద్దన్నాడని గుర్తొచ్చి చెయ్యి దించుకుంది. "ఇను అల్లుడూ. రెండో కంటికి కూడా నీ బండిలోనే వస్తా. బస్సెక్కను. కాకపోతే ఇయ్యాల్టి నుంచి నడిపేది నువ్వు, చూసేది నేను. సరేనా?"

సరేనన్నాను. ఖాళీ నీళ్ళ డబ్బా తీసుకుని దిగి, బంకు ఏ వైపో తెలియక రోడ్డుకు అటూ ఇటూ చూశాను. ఎండకు నాకేమీ కనబడలేదు.

అత్త కిటికీలోంచి చెయ్యి చాపి దూరంగా చూపించింది.

"అదుగో, ఎర్ర బోర్డు. ఎడంచేతి పక్క. దాని ముందు ఇద్దరు నిలబడున్నారు, ఒకడు బీడీ తాగుతున్నాడు. వాణ్ణి ముందు అది ఆర్పెయ్యమని చెప్పు. నడువు."